జమున పండ్లపొడి

కోరుట్లలో బీడీలు చేసేవాళ్ల ఆ వాడకట్టు ఒకప్పుడు పిల్లల ఏడుపులతోనే నిద్ర లేచేది. పళ్లు తోమించడానికి తల్లులు మురుగునీటి మోరీ దగ్గరికి ఈడ్చుకురావడం, బొగ్గుపొడి నోట్లో పెట్టగానే పిల్లలు వేలు కొరికి పారిపోవడం, వెనకాల తిట్లు, రోజూ అదే తంతు. ఈ మధ్య ఆ గొడవ పూర్తిగా ఆగిపోయింది. పిల్లలే ముందు లేచి, గూట్లో ఉన్న గులాబీరంగు పొట్లం అందుకుని, మోరీ గట్టు మీద బుద్ధిగా వరసకట్టి కూర్చుంటున్నారు. అందరికంటే ముందు కూర్చునేది లీల కూతురు జమున. అందరికంటే చివర లేచేదీ ఆ పిల్లే.

"జర్ర పొడి దొరకకుంటె ఇల్లు పీకి పందిరేస్తది నా మనుమరాలు. పండ్లు తోముకునుడంటె గంత పావురం, గంత ప్రేమ దానికి," అని లీల అత్త ఎల్లవ్వ వచ్చేపోయేవాళ్లకు గొప్పగా చెప్పేది.

గొప్పకు ఇంకో కారణం కూడా ఉంది. పొట్లం మీద నవ్వుతున్న పాప బొమ్మ జమునదే. పైన పెద్ద అక్షరాలతో 'జమున పండ్లపొడి' అనీ, కింద 'పసిపిల్లలకు ప్రత్యేకం' అనీ ఉంటుంది. దాన్ని జగిత్యాలలో తయారుచేస్తున్నది ఆ పిల్ల మేనమామ జలపతి. లీలకు ఒక్కగానొక్క తమ్ముడు. సిరిసిల్లలో తండ్రి మగ్గం దిగకుండా, తల్లి బీడీ చేట దించకుండా పనిలో ఉంటే, గడపలో కూర్చోబెట్టి వాడి పళ్లు తోమి, ముఖం కడిగి బడికి పంపింది ఈ అక్కే.

జమునకు పాలపళ్లు పై వరసలో ముందు వచ్చాయి. అలా వస్తే మేనమామకు గండమంటారు. మేనమామ వచ్చి నూనెగిన్నెలో పిల్ల ముఖం చూస్తే తప్ప ఆ గండం పోదంటారు. జలపతి అప్పుడు అన్నల్లో ఉన్నాడు, అడవిలోంచి వచ్చి నూనె గిన్నె ముందు ఎక్కడ కూర్చుంటాడు? పళ్లు వచ్చిన ఆ రోజుల్లోనే ఒక పొద్దున పోలీసులు వచ్చి, వాడకట్టంతా చూస్తుండగా లీలను ఇంటి ముందు బండ మీద కూర్చోబెట్టి, నీ తమ్ముడెక్కడ అంటూ ఎడమచేతి వేళ్ల మీద లాఠీతో కొట్టారు. ఆ తెల్లవారుజామునే తలదాచుకోవడానికి వచ్చిన తమ్ముడు లోపల తునికాకు బస్తాల వెనకే ఉన్నాడు. లీల నోట వాడి పేరు రాలేదు. చిటికెన వేలు, దాని పక్కవేలు ఇప్పటికీ సరిగా వంగడం లేదు. బీడీ చుట్టేటప్పుడు మిగతావి పని చేస్తుంటే ఆ రెండూ పక్కన నిలబడి ఉంటాయి.

తర్వాత జలపతి లొంగిపోయాడు. బయటికి రాగానే మొదట వచ్చింది అక్క ఇంటికే. మంచినూనె గిన్నెలో జమున ముఖం చూసి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పొడి వ్యాపారం పెట్టినప్పుడు దానికి ఆ పిల్ల పేరే పెడతానంటే లీలకు కళ్లనీళ్లు ఆగలేదు.

బీడీ చేటలో తంబాకు, అదే పొగాకు, అయిపోయాక అడుగున సన్నటి దుమ్ము మిగులుతుంది. ఆడవాళ్లు దాన్ని సాయంత్రం చేట దులిపి వీధిలో పారబోసేవారు. "అక్కా, దుమ్ము పారబొయ్యకుండ్రి. పత్తి మీద పురుగుకు కొడ్తరట, రైతులు అడుగుతున్నరు. వాడకట్టుల అందరి దగ్గర జమచేసి పెట్టు," అని జలపతి అడిగాడు. తమ్ముడు నిలదొక్కుకుంటే చాలనుకుని లీల ఇల్లిల్లూ తిరిగింది. అప్పటినుంచి వాడకట్టు దుమ్మంతా ఆమె ఇంట్లో బస్తాలకెక్కుతోంది. శుక్రవారం శుక్రవారం జలపతి ఆటోలో వచ్చి పొట్లాలు దించి, బస్తాలు ఎక్కించుకుని పోతాడు.

ఆ సోమవారం లీల గడప పక్కన కాళ్లు చాపి, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తడిగుడ్డలోంచి ఆకు తీయడం, రేకు ముక్క పెట్టి కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం, ఆ చేతులకు కళ్లతో పనిలేదు. కళ్లు జమున మీదే ఉన్నాయి. పిల్ల పొద్దుటినుంచి గంజి ముట్టలేదు. రెండు మూడుసార్లు గూటి దగ్గరికి పోయి పొడి వేలికి అద్దుకుని వచ్చింది. మళ్లీ లేచింది.

"ఎన్నిసార్లు తోముకుంటవే? పండ్లు అరిగిపోతయి. కూసో," అంది లీల.

కూర్చోమన్నందుకు జమున ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు మంకు ఏడుపు కాదు. చేతులు వణుకుతున్నాయి, నుదుట చెమట పట్టింది. లీల చేట దించి లేచేలోపల పిల్ల మోరీ పక్కన కూలబడి పసరంతా కక్కేసింది. నోరు కడుగుతూ పెదవి పైకెత్తి చూస్తే లోపల చిగురు తెల్లగా పాలిపోయి, అక్కడక్కడ పుండ్లు పడి ఉంది. ముందు పళ్ల మొదళ్లలో నల్లటి గీత. ఇన్నాళ్లూ ఈ నోటికి ముద్దలు పెట్టిన తల్లిని, ఒక్కసారి పెదవి ఎత్తి చూడలేదేమని లీల తనను తానే తిట్టుకుంది.

"దిష్టి తాకింది. పొట్లం మీద బొమ్మ ఏసిండు గదా, ఊరంత సూడవట్టె," అంది ఎల్లవ్వ.

లీల దిష్టి తీసింది. మర్నాడు పొద్దున పిల్లను చంకనేసుకుని జగిత్యాల బస్సెక్కింది. దారిలో ఏడుస్తుందని పొడి పొట్లం ఒకటి సంచిలో వేసుకుంది.

సర్కారు దవాఖానలో పళ్లు చూసే డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. బల్ల మీద కూర్చోబెట్టి, జమున నోరు తెరిపించి టార్చిలైటు వేయగానే ముఖం పక్కకు తిప్పుకుంది.

"పాపకు తంబాకు అలవాటుందా?"

లీలకు మండుకొచ్చింది. "ఐదేండ్ల పోరి డాక్టరమ్మా! మేం బీడీలు చేసెటోళ్లం. మా చీరెలకొస్తది ఆ వాసన, మా అన్నానికి గూడ వస్తది."

"బట్టల వాసన నేను గుర్తుపడతానమ్మా, రోజూ వస్తారు మీవాళ్లు. ఇది నోట్లోంచి వస్తోంది. పళ్లు దేనితో తోముతావు?"

అదొక్కటే లీల తలెత్తుకుని చెప్పగల మాట. సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చింది. "మా తమ్ముడే చేస్తడు. పొట్లం మీద ఉన్నది గీ పిల్లనే."

డాక్టరమ్మ బొమ్మను చూసింది, పిల్లను చూసింది. పొట్లం విప్పి వాసన చూసి లీల చేతికే ఇచ్చింది. "నువ్వు చూడు."

లీల చూసింది. పుదీనా, లవంగం. ఇంకొంచెం గట్టిగా పీల్చింది. పుదీనా, లవంగం, అంతే. పాలు తాగే వయసులో తల్లి చేట పక్కన పడుకున్న పిల్ల ఆమె. పుట్టింట తంబాకు, మెట్టినింట తంబాకు. ఆ ముక్కుకు తంబాకు అంటే వాసన కాదు, గాలి. గాలిని వేరుగా ఎవరు పట్టుకోగలరు?

డాక్టరమ్మ వరసలో నిలబడ్డ ఒక పెద్దావిడను పిలిచింది. కొడిమ్యాల నుంచి వచ్చిన రైతు మనిషి, దవడ వాచి గుడ్డ కట్టుకుని ఉంది. పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుందో లేదో, ఫట్టున తుమ్మింది.

"ఇండ్ల తంబాకున్నది గదనే అవ్వా! మా మామ నశ్యం డబ్బి తీర్గ గుప్పుమంటుంది. గింత పోరికి గిదేం పెడుతున్నవు?"

వరసలో ఉన్నవాళ్లంతా లీల వైపు తిరిగారు. లీల పొట్లం మడిచి సంచిలో పెట్టుకోబోయింది, వేళ్లు వంగక పొడి చీర మీద ఒలికింది.

డాక్టరమ్మ కసురుకోలేదు. అందుకే లీలకు ఇంకా సిగ్గనిపించింది. "పాప పళ్లు తోముకోవడానికి ఏడవడం లేదమ్మా, తంబాకు కోసం ఏడుస్తోంది. ఇది పూర్తిగా మానిపించాలి. కొన్ని రోజులు గొడవ చేస్తుంది, నువ్వు గట్టిగా ఉండు. పుండ్లకు మందు రాస్తున్నాను. పళ్లపొడి ఏదీ వద్దు, గరుకుగా ఉండి చిగురును గీస్తుంది. పేస్టు తేవాలంటే చిన్నపిల్లల కోసం చేసిందే తీసుకో, నోరు మండేది వద్దు. మెత్తటి చిన్న బ్రష్షు. పేస్టు శనగగింజంత చాలు. తియ్యగా ఉందని మింగేస్తారు, పక్కన కూర్చుని ఉమ్మించాలి. అది దొరకని రోజు మెత్తటి తడిగుడ్డతో తుడిచి నీళ్లు పుక్కిలింపించినా నష్టం లేదు. పైన బొమ్మ బాగుందని మాత్రం ఏదీ కొనకు." చివరి మాట అన్నాక డాక్టరమ్మే నాలుక కరుచుకుంది.

దవాఖాన మెట్లు దిగుతుంటే లీలకు వచ్చిన ఆలోచన ఒక్కటే. తమ్ముణ్ణి ఎవడో ముంచుతున్నాడు. పనివాళ్లెవరో పురుగుకు కొట్టే దుమ్మునూ పళ్లపొడినీ ఒకేచోట పెట్టి కలిపేశారు. ఇది బయటపడితే వాడు ఏమైపోతాడు? ముందు వాడికి చెప్పాలి. ఆకలితో ఉన్న పిల్లకు బన్ను ముక్క కొనివ్వడం కూడా మరిచిపోయి ఆమె జలపతి ఇంటివైపు పరుగులాంటి నడక నడిచింది.

జలపతి ఇంట్లో లేడు. అతని భార్య భూలక్ష్మి ఎదురొచ్చి, "వచ్చినవా వదినె? ఏంది పోరి గట్ల తేలిపోయింది?" అంటూ జమునను అందుకోబోయింది. పిల్ల ఆమె భుజం మీదే మళ్లీ వాంతి చేసుకుంది. లీల కూతుర్ని ఎత్తుకుని నల్లా దగ్గరికి తీసుకుపోయింది.

నల్లా పక్కన గోడ మీద ఒక గాజు గ్లాసు ఉంది. అందులో వేలెడంత బ్రష్షు. దాని పక్కన కుందేలు బొమ్మ ఉన్న పేస్టు గొట్టం, అడుగునుంచి పద్ధతిగా చుట్టుకుంటూ వచ్చారు. లీల జమున ముఖం కడిగింది, తుడిచింది, మళ్లీ కడిగింది. కళ్లు గ్లాసు మీదినుంచి రాలేదు.

"ఇదెవరిది భూలక్ష్మీ?"

"మా చిన్నోనిదే వదినె. కరీంనగర్ పోయినప్పుడల్ల తెస్తడు మీ తమ్ముడు."

"మన పొడి వాడరా మీరు?"

"నేను తోముకుంట. చిన్నోనికి మాత్రం ముట్టియ్యద్దన్నడు. ఒకనాడు తెల్వక ఏలు పెట్టిచ్చిన వాని నోట్లె, నామీద చెయ్యెత్తిండు ఇంత ఎత్తు. చిన్నపిల్లలకు మండుతదట గదా," అంది భూలక్ష్మి. ఆమె ముఖంలో ఏ దాపరికమూ లేదు. ఏం చెప్తోందో ఆమెకు తెలియదు.

లీల ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని గోడ పక్కన కూర్చుంది. పొట్లం మీద ఉన్న అక్షరాలు గుర్తొచ్చాయి. పసిపిల్లలకు ప్రత్యేకం. ఎవరి పసిపిల్లలకు?

జలపతి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కను చూసి ముఖం వెలిగింది, గోడ మీది గ్లాసు అక్క చేతిలో ఉండడం చూసి ఆరిపోయింది. భార్యను టీ పెట్టమని లోపలికి పంపాడు.

"పోరికి చిగుళ్లు పుండ్లు పడ్డయిరా," అంది లీల. "దవాఖానకు పోయినం. పొడిల తంబాకున్నదట. పనోళ్లు కలిపిండ్రనుకున్న. నిన్ను ఎవడో ముంచుతుండనుకుని ఉరికొచ్చిన."

జలపతి అబద్ధం చెప్పవచ్చు. అవునక్కా, పనోళ్లే, అని ఉంటే లీల ఆ నిమిషం నమ్మేది, నమ్మడానికి సిద్ధంగానే ఉంది. కానీ గ్లాసు ఆమె చేతిలో ఉంది.

"జర్రంతనే అక్కా," అన్నాడు నేల చూస్తూ. "అందరు వేస్తరు. వెయ్యకుంటె ఎవడు కొంటడు? పెద్ద కంపెనీలోళ్ల ముంగట మనమెట్ల నిలుస్తం? తంబాకు వడ్తే మల్ల మల్ల అడుగుతరు. నేను బతకాలె గదా. అడివిల పదేండ్లు పోగొట్టుకున్న."

"పత్తి పురుగుకన్నవు."

జలపతి గ్లాసు తీసుకోబోయాడు. లీల వదల్లేదు.

"ఇంటింటికి తిరిగి ఊడ్సిచ్చిన గదరా నా చేతులతోని. నా బిడ్డ నోట్లెకేనా?"

"జమున గింతగనం తోముకుంటదని నాకేమెర్క? ఇగ దానికి వద్దక్కా. ఇగో." లోపలికి పోయి, పెట్టె విప్పని కొత్త గొట్టం ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. దాని మీద కూడా కుందేలు. "దీంతోని తోమియ్యి. అయిపోతే మల్ల పంపిస్త."

"మా ఎదురింటి నాగవ్వ మనుమనికి?"

"అందరి సంగతి నీకెందుకక్కా?"

ఒకప్పుడు ఇదే తమ్ముడు ఇదే నోటితో అందరి సంగతీ మనదే అని చెబితే లీల చేట పక్కకు పెట్టి, కొంగు నడుముకు చుట్టి, బీడీ రేట్ల కోసం సడక్ మీద కూర్చుంది. ఆ మాట వాడికి గుర్తుచేయాలనిపించలేదు. గుర్తులేక అన్న మాట కాదది.

జలపతి దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "గీ మాట బయటికి పోనియ్యకక్కా. అన్నలకు తెలిస్తే నన్ను బతుకనియ్యరు. లొంగిపోయినోన్ని, ముందే నామీద కండ్లున్నయి. ఆనాడు నువ్వు నోరు తెరువలేదు, నేను పానంతోని ఉన్న. ఈ ఒక్కసారి గూడ గట్లనే ఉండు."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. లీల తన ఎడమచేతి వంక చూసుకుంది. ఇన్నేళ్లలో ఆ వేళ్లు పోయినందుకు ఒక్కనాడు కూడా బాధపడలేదు. ఇవాళ మొదటిసారి అవి నొప్పి పెడుతున్నట్టనిపించింది.

"శుక్రవారం వస్తవు గదా. వచ్చి వాడకట్టు ముంగట నువ్వే చెప్పు. తప్పయింది, పిల్లలకు పెట్టకుండ్రి అని నీ నోటితోనే అను. తిడ్తరు, తిట్టనియ్యి. మనోళ్లే, మన్నిస్తరు. నువ్వే చెప్పుకున్నంక అడివోళ్లు గూడ ఏమనరు. అందరి ముంగట నీ పక్కన నేను నిలవడ్త," అంది లీల.

"వస్త," అన్నాడు జలపతి.

"నా మీద ఒట్టేయి."

ఒట్టేశాడు. అక్క తల మీద చెయ్యి పెట్టి మరీ వేశాడు.

తిరిగి వస్తుంటే మేడిపల్లి దగ్గర పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. ఒక కానిస్టేబులు గొట్టం తీసి అటూ ఇటూ తిప్పి, ఎక్కడినుంచి వస్తున్నావని అడిగాడు. తమ్ముని ఇంటికాడి నుంచి, అని చెప్పడానికి లీలకు నోరు రాలేదు. దవాఖాన నుంచి, అంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో తల్లులకే తెలుస్తుంది. జమున ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. అన్నం పళ్లెం విసిరికొట్టింది. ఎత్తుకుంటే భుజం కొరికింది. లీల చేట ముట్టలేదు, కార్ఖానాకు పోలేదు. మస్కట్‌లో ఉన్న పెనిమిటి గుర్తొచ్చి, ఆయనకు ఏమని చెప్పాలో తెలియక ఆ ఆలోచన పక్కకు నెట్టింది. బుధవారం నీళ్లకు పోయి వచ్చేసరికి పిల్ల నిమ్మళంగా అత్త ఒళ్లో కూర్చుని ఉంది. ఎల్లవ్వ కొంగు కింద గులాబీ పొట్లం.

"పోరి ఏడుస్తుంటె సూడలేకపోయిన. జర్రంతనే పెట్టిన," అంది ఎల్లవ్వ.

జర్రంతనే. తమ్ముడి మాట కూడా అదే. లీల ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ వెతికి పట్టుకొచ్చి, విప్పి ఆ ఎర్రటి పొడి మోరీలో పోసింది. మోరీ నీళ్లు వాడకట్టు పొడుగునా ఎర్రగా పారాయి. ఆడవాళ్లు చేటలు పట్టుకుని గడపల్లోకి వచ్చారు.

"ఏమైందే? తమ్మునితోని కొట్లాడినవా?" అని ఎదురింటి నాగవ్వ అడిగింది. ఆమె పక్కన నాలుగేళ్ల మనవడు వేలు నోట్లో పెట్టుకుని, కళ్లు అరమోడ్చి గోడకు ఆనుకుని ఉన్నాడు. లీల వాణ్ణి చూసింది. నోటి చివరిదాకా వచ్చిన మాట మింగేసింది.

"శుక్రవారం మా తమ్ముడొస్తడు. ఆయననే చెప్తడు. గప్పటిదాక పిల్లలకు పొడి పెట్టకుండ్రి."

ఎవరూ ఆపలేదు. కారణం చెప్పకుండా వద్దంటే ఎవరు ఆపుతారు? రెండు పొద్దులూ పిల్లలు మోరీ గట్టు మీద వరసకట్టి కూర్చుంటూనే ఉన్నారు. లీల తలుపు ఓరగా వేసుకుని లోపల జమునను పట్టుకుని కూర్చుంది. తన పిల్ల ఒక్కతి బయటపడుతోంది, మిగతావాళ్లు ఆమె మాట కోసం గట్టు మీద కూర్చుని ఉన్నారు. తమ్ముడు వస్తాడు, ఒట్టేశాడు, అని రెండు రోజులూ తనకు తాను చెప్పుకుంది. శుక్రవారం నాటికి జమున కొంచెం తేరుకుంది. పాలల్లో రొట్టె తిన్నది.

ఆటో ఎప్పటివేళకే వచ్చింది. దాని చప్పుడు వినగానే లీల కొంగు సర్దుకుని బయటికి వచ్చి, తమ్ముడి పక్కన నిలబడాల్సిన బండ దగ్గర నిలబడింది. ఆటోలోంచి డ్రైవరు ఎల్లేశం ఒక్కడే దిగాడు.

"జలపతన్నకు పనిపడ్డదక్కా, రాడట. ఇగ నన్నే రమ్మంటుండు శుక్రవారం శుక్రవారం. దుమ్ము బస్తాలు ఎక్కియ్యమన్నడు."

ఎల్లేశం పొట్లాల పెట్టెలు దించాడు. కొత్త పొట్లాలు. ఈసారి జమున బొమ్మ ఇంకా పెద్దగా వేయించాడు, చేతిలో పువ్వు కూడా పెట్టించాడు. కొన్నవాళ్లకు పిల్లలాడుకునే గాలిబుగ్గ ఒకటి ఊరికే ఇస్తారట. అప్పుడే పిల్లలు ఆటో చుట్టూ మూగారు.

"మరిచిన. నీకిది ఇచ్చి రమ్మన్నడు," అని ఎల్లేశం సీటు కిందినుంచి కాగితం సంచి తీసి ఇచ్చాడు. అందులో కుందేలు బొమ్మ గొట్టాలు, ఒక డజను ఉంటాయేమో. జమునకు చాలా కాలం వస్తాయి.

లీల సంచిలోంచి తలెత్తి కొత్త పొట్లాల వైపు చూసింది. వాడు భయపడి రాలేదంటే ఆమె క్షమించేది. భయపడ్డవాడు కొత్త పొట్లాలు పంపడు. అక్క నోరు మూయడానికి ఎంత పేస్టు పడుతుందో లెక్క చూసుకుని పంపాడు తమ్ముడు. తనను అమ్ముకున్నాడని కాదు, తనను కూడా కొనవచ్చని అనుకున్నాడే అని లీల ఆ సంచిని బండ మీద పెట్టేసింది.

"ఆగుండ్రి," అంది. "బుగ్గలు తీసుకోకుండ్రి. పొట్లాలు ఎవ్వరు కొనకుండ్రి. ఇండ్ల తంబాకున్నది. మన చేటలకెల్లి ఊడ్సిన దుమ్మే ఇండ్ల కలుపుతున్నరు. మన దుమ్ము మన పిల్లల నోట్లెకే వస్తుంది. డాక్టరమ్మ చెప్పింది. నా బిడ్డ నోరు సూడుండ్రి వచ్చి."

వాడకట్టు ఒక్కసారి గడబిడ అయ్యింది. నాగవ్వ ముందుకొచ్చి అడిగింది. "ఎవరు కలిపిండ్రే?"

పోలీసులు ఆమెను కూర్చోబెట్టిన బండ అదే. అప్పుడు గడపల్లో నిలబడి చూసినవాళ్లూ వీళ్లే. ఆనాడు కొడుతూ అడిగితే రాని పేరు, ఇవాళ ఎవరూ కొట్టకుండానే చెప్పాల్సి వచ్చింది.

"మా తమ్ముడు. జలపతి. తెలిసే కలిపిండు. వాని కొడుకు నోట్లె పెట్టనియ్యడు."

ఎల్లేశం పెట్టెలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కి కూర్చున్నాడు. కొమురమ్మ అనే ముసలామె లీల చెయ్యి పట్టుకుంది. "నీ తోడవుట్టినోడే గదనే. గీ మాట అటు పోతే వాడుంటడా?" అంటూ ఊరి అవతల గుట్టల వైపు చూసింది.

"నాకు గదే భయం. వాని పానం తియ్యమని నేను అంటలేను. ఎవ్వరు అనకుండ్రి. దుమ్ము ఇయ్యకుండ్రి, పొడి కొనకుండ్రి, గంతే," అంది లీల.

నాగవ్వ మాత్రం లీల ముఖం చూడలేకపోయింది. మనవడి నెత్తి మీద చెయ్యి వేసుకుని, "నాకు ఎర్కనే లీలా," అంది. "మొదటినాడు నాలుక మీద ఏస్కుంటెనే తెలిసింది. వాసన మనకు రాదు, నాలుకకైతే తెలుస్తది గదా. పోరడు ఏడ్వకుంట ఒక్కతాన కూసుంటుండు, నా బీడీలు అయితున్నయి అని ఊకున్న. జర్రంతనే గదా, ఏమైతది అనుకున్న."

ఇంకా కొన్ని తలలు దిగాయి. లీల ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయింది. తన అత్త కూడా గడపలో కూర్చుని నేల గీకుతోంది. ఒక్క తమ్ముడే అనుకుంది ఇప్పటిదాకా. అరవాలనిపించింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు. రోజుకు వెయ్యి బీడీలు కాకపోతే కార్ఖానాలో ఒప్పుకోరని ఆమెకూ తెలుసు. ఏడ్చే పిల్లను పక్కన పెట్టుకుని చేట పట్టడం ఎంత కష్టమో ఈ మూడు రోజుల్లోనే కదా చూసింది.

"పై పండ్లు ముంగట వస్తే మామకు గండమన్నరు," అని ఎల్లవ్వ ఉన్నట్టుండి ఏడుపు ఎత్తుకుంది. "మామనే మా పోరి పండ్లకు గండమయ్యిండు గదనే!"

లీల ఆమెను ఓదార్చలేదు. కాగితం సంచిలో చెయ్యి పెట్టి ఒక గొట్టం తీసి, మూత విప్పి బండ మీద కూర్చుంది. "నీ మనుమన్ని తే నాగవ్వా," అంది. నాగవ్వ వాణ్ణి ముందుకు తోసింది. లీల వాడి వేలు నీళ్లతో కడిగి, దాని మీద శనగగింజంత పేస్టు పెట్టింది. "గింతనే పెట్టాలె. మింగనియ్యద్దు. పక్కన కూసుని ఉమ్మిపియ్యాలె. ఇది అయిపోతే తడిగుడ్డతోని తుడువుండ్రి. ఏడుస్తరు, ఏడ్వనియ్యుండ్రి."

ఒక్కొక్కరే పిల్లల్ని తెచ్చారు. అందరూ తేలేదు. ఇద్దరు ముగ్గురు తలుపులు వేసుకున్నారు, వాళ్లలో ఒకామె ఆటో దగ్గర పడి ఉన్న పెట్టెలోంచి పొట్లం తీసుకుపోవడం లీల చూసింది, చూసి ఊరుకోలేదు, పేరు పెట్టి పిలిచింది. ఆమె తిరిగి రాలేదు. ఎల్లేశం ఖాళీ ఆటోతో వెళ్లిపోయాడు. దుమ్ము బస్తాలు లీల గోడ పక్కనే ఉండిపోయాయి.

చివర జమున వచ్చి తల్లి మోకాళ్ల మధ్య నిలబడింది. గొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత నేల మీది గులాబీ పొట్లం వైపు చూసింది.

"అమ్మా, దీని మీద నా బొమ్మ లేదేంది?"

లీల వంగని రెండు వేళ్లూ పక్కన పెట్టి, మిగతా వేళ్లతో గొట్టం నొక్కి శనగగింజంత తీసింది.

"నోరు తెరువు బిడ్డా," అంది.